కారు వాడికి, సామాను నాకు

మా నాన్న పంపకాలు చేసినప్పుడు వదిన పడీ పడీ నవ్వింది. "ఆవును ఒకరికీ పలుపును ఒకరికీ ఇచ్చినట్టుంది మామయ్యా," అంది. కారు అన్నయ్యకు ఇచ్చాడు. ఆ కారుతో పాటు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన పానాలు, ప్లయరు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, గ్రీజు గన్ను, అవన్నీ దూర్చి చుట్టి కట్టే గుడ్డసంచి మాత్రం నాకిచ్చాడు. పైగా ఒక షరతు. అన్నయ్యకు కావలసినప్పుడు నా దగ్గరికి వచ్చి పట్టుకెళ్ళాలి, పని అయ్యాక తెచ్చి నా చేతికివ్వాలి.

వదినకు నవ్వొచ్చింది గానీ నాకు రాలేదు. నాన్న లెక్క నాకు అప్పుడే తెలిసింది. ఆయన పిల్లల్లో ఒకడు నోరు మెదపడు, ఇంకొకతి నోరు మూయదు. మధ్యలో ఏదో ఒకటి తగిలించకపోతే వీళ్ళిద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కరని ఆయనకు అనుమానం. లారీల షెడ్డులో మెకానిక్కుగా బతికిన మనిషి. ఏ రెండు ముక్కలు వాటంతట అవి నిలుస్తాయో, ఏ రెంటికి మధ్య బోల్టు కావాలో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ కారును మేం ముసలమ్మ అంటాం. నేను పుట్టేనాటికే అది ముసలిది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మొదటి యజమాని పెద్ద ఆసామి, కానీ పానా ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. కారు మొరాయిస్తే దిగి నిలబడి ఎవరైనా వస్తారేమోనని రోడ్డు వైపు చూసేవాడట. అందువల్ల ఒక మేలు జరిగింది. ముందు సీటు కింద రేకు పెట్టెలో ఫ్యాక్టరీ పెట్టిన టూల్ కిట్ పెట్టినట్టే ఉండిపోయింది. బండిని తుక్కు కింద నాన్నకు అంటగట్టినప్పుడు ఆ పెట్టె మూత తెరిచి ఆయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. ఇంజను పట్టేసినందుకు ఏమీ అనుకోలేదు, పానాల మీద ఫ్యాక్టరీ వాళ్ళ గంట గుర్తు చూసుకుని మురిసిపోయాడు.

పాత కార్ల ప్రదర్శన ఏటా ఒకసారి జరుగుతుంది. అక్కడ కారు ఒక్కటే నిలబెడితే సరిపోదు. కారు ముందు నేల మీద గుడ్డ పరిచి, ఆ కారుతో పుట్టిన సామానంతా వరసగా పేర్చాలి. జడ్జీలు వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూస్తారు. గుర్తు లేని పానా ఒకటి కనబడినా మార్కులు పోతాయి. చాలామంది దగ్గర కార్లుంటాయి, సామాను ఉండదు. టైరు పంక్చరైన చోటల్లా ఒకటి వదిలేసి వచ్చి ఉంటారు కదా మరి. మా ముసలమ్మకు మాత్రం అన్నీ ఉన్నాయి. కాకపోతే అవి నా బీరువాలో ఉన్నాయి.

కాబట్టి ప్రదర్శనకు ముందురోజు పొద్దున్నే అన్నయ్య వస్తాడు. మర్నాడు సాయంత్రం తిరిగి ఇచ్చేయడానికి ఇంకోసారి వస్తాడు. ఏడాదికి మా అన్నాచెల్లెళ్ళ రాకపోకలు అంతే. వదిన, పిల్లలు రారు. నేను వెళ్ళను. గొడవలేమీ లేవు. గొడవలుంటే కనీసం పోట్లాడుకోవడానికైనా ఫోన్లు చేసుకునేవాళ్ళం.

నేను కార్ల సీట్లు కుడతాను. ముందు గదిలో షాపు, వెనక గదిలో కాపురం. కాపురమంటే నేనూ, రేడియో. పెళ్ళి సంబంధాలు మొదట్లో కుదరలేదు, తరవాత కుదిరినవి నాకు నచ్చలేదు. మందపు గుడ్డ, రెగ్జిను, తోలు ఏదైనా సరే నా మిషను కింద పడితే దారికి రావలసిందే. షాపుకు మనుషులు వస్తూనే ఉంటారు. కానీ వాళ్ళు గుమ్మంలో నిలబడి సీటు అప్పగించి, ఎప్పుడిస్తావని అడిగి పోతారు. లోపలికి వచ్చి కూర్చునేవాడు అన్నయ్య ఒక్కడే. నా దగ్గరున్న రెండో కుర్చీ మీద ఎప్పుడూ గుడ్డల మూటలుంటాయి. వాడు వచ్చే రోజున వాటిని దింపి కుర్చీ తుడుస్తాను.

వాడు రాగానే నేను మొదలుపెడతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, సంతోషం కలిగినా అది కోపం గానే బయటికి వస్తుంది. అదేం జబ్బో.

"వచ్చావా? చేతినిండా పనున్న రోజే చూసుకుని వస్తావు."

"ప్రదర్శన తేదీ నేను పెట్టలేదే."

"పెట్టినవాడెవడో వాడికి పనీ పాటా లేదు. చెప్పులు అక్కడ విడువు, ఇప్పుడే తుడిచాను."

ఇద్దరం కత్తిరింపు బల్ల మీద సంచి పరిచి సామాను ఒక్కొక్కటే తీస్తాం. నేను నూనెగుడ్డతో తుడుస్తాను, వాడు వెలుతురులో పట్టి చూస్తాడు. ఆ కాసేపూ అన్నయ్య మాట్లాడతాడు. ఈ పానాతోనే కదే నాన్న నీ సైకిలు బిగించింది అంటాడు. కాదు, అది షెడ్డు పానా అంటాను నేను. ఇద్దరం వాదించుకుంటాం. టీ తాగి మళ్ళీ వాదించుకుంటాం. వాడి కడుపులో అంత మాట ఉందని వదినకైనా తెలుసో తెలియదో. భోజనం చేసి, సంచి చంకన పెట్టుకుని బయల్దేరతాడు. "పోనీలే, పీడ వదిలింది, ఇక నా పని నేను చేసుకుంటాను," అంటాను నేను. వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడతాను. వాడు వెనక్కి తిరిగి చూసే రకం కాదు, అందుకని నేను నిలబడ్డ సంగతి వాడికి తెలియదు.

ఈ ఏడు ప్రదర్శనకు ఇంకా కొన్ని వారాలు ఉన్నాయనగా ఒకాయన షాపుకు వచ్చాడు. పాత సామాన్ల వ్యాపారి. మాట మెత్తన, చేతిలో రేకు డబ్బా. డబ్బా మూత తీసి నా బల్ల మీద బోర్లించాడు. పానాలు, ప్లయరు, ప్లగ్గు పానా, చెక్కపిడి స్క్రూడ్రైవరు, గ్రీజు గన్ను గలగలమని పడ్డాయి.

"వీటికి సంచి కుట్టాలమ్మా. పాతది చివికి పొడైపోయింది. కొత్తది కొత్తగా కనబడకూడదు. గుడ్డ కూడా పాతదే తెచ్చాను."

నేను ఒక పానా చేతిలోకి తీసుకున్నాను. పిడి మీద గంట గుర్తు.

ఇంకోటి తీశాను. దాని మీదా గంటే. నా చెయ్యి తెలియకుండానే వాటిని వరసగా పేర్చుకుంటూ పోయింది. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి ఎక్కువ లేదు. మా ముసలమ్మ కిట్టుకు కవల పుట్టినట్టుంది.

"ఎవరిదండీ కారు?" అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన గబగబా ఖాళీ డబ్బాకు మూత పెట్టేశాడు. "యజమాని పేరు చెప్పొద్దన్నారమ్మా. అయినా మనకెందుకు?"

నిజమే, ఆయనకెందుకు? నాకు మాత్రం కావాలి. ఈ చుట్టుపక్కల అలాంటి కారు ఇంకొకటి లేదు. ఉంటే ప్రదర్శనలో ఎప్పుడో కనబడేది. అన్నయ్య సొంతంగా కిట్ కొనుక్కున్నాడు. ఇక వాడు నా గుమ్మం ఎక్కవలసిన అవసరం లేదు. నాన్న బిగించిన బోల్టు ఊడిపోయింది. వ్యాపారి ఏవో కొలతలు చెబుతున్నాడు, ఒక్క ముక్క వినబడలేదు.

"కుదరదని వాళ్ళకు చెప్పమంటారా?" అని ఆయనే అడిగాడు.

"కుదరకేం," అన్నాను. నా నోటికి మళ్ళీ పౌరుషం ఒకటి.

ఆయన ఒక కాగితం మీద సంచి బొమ్మ గీసుకొచ్చాడు. అరలన్నీ నోరు పైకి పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. అది తప్పు. ఫ్యాక్టరీ సంచిలో స్క్రూడ్రైవరు అర ఒక్కటీ తలకిందులు. దాని నోరు కింది వైపుకు ఉంటుంది. ప్లగ్గు పానా తలా, స్క్రూడ్రైవరు పిడీ రెండూ లావే. రెండూ ఒకే వైపు ఉంటే సంచి చుట్టినప్పుడు ఒక పక్క ఉబ్బిపోయి, సీటు కింద పెట్టె మూత పడదు. ఈ సంగతి ఆ సంచిని ఏళ్ళ తరబడి విప్పి చుట్టినవాళ్ళకు తెలుస్తుంది. అన్నయ్యకు తెలియదు. ఎందుకంటే వాడు సామాను తీసి చూడడమే గానీ, తిరిగి సర్దేది ఎప్పుడూ నేనే. కళ్ళద్దాల జడ్జి అని ఒకాయన ఉన్నాడు, ఆయనకు మాత్రం బాగా తెలుసు.

వ్యాపారి వెళ్ళిపోయాక నాకు ఆలోచన వచ్చింది. ఆయన గీసింది గీసినట్టు కుడితే? నేను అబద్ధమాడినట్టు కాదు, మోసం చేసినట్టూ కాదు. గిరాకీ చెప్పినట్టు కుట్టడం నా పని. ప్రదర్శనలో మూత పడదు. జడ్జి మార్కులు కోస్తాడు. ఆ కొత్త కిట్ కొరగాదని అన్నయ్య వచ్చే ఏడు చచ్చినట్టు నా దగ్గరికి వస్తాడు. కర్ర విరగదు, పాము చస్తుంది.

కుట్టేశాను. మధ్యాహ్నం భోజనం మానేసి మరీ కుట్టాను. బొమ్మలో ఉన్నట్టే అరలన్నీ నోరు పైకి. దారం కూడా టీ నీళ్ళలో నానబెట్టి పాత రంగు తెప్పించాను. అచ్చం ఏళ్ళ తరబడి నలిగిన సంచి అనిపించేలా ఉంది. వ్యాపారి వదిలివెళ్ళిన సామాను అందులో దూర్చి చుట్టి నాడా కట్టాను. అనుకున్నట్టే ఒక పక్క పంటిపోటు వచ్చిన బుగ్గలా ఉబ్బింది. తృప్తి పడవలసిన మాటే గదా. పడలేకపోయాను.

ఒక ఏడు నేను కూడా ప్రదర్శనకు వెళ్ళాను. అన్నయ్యను అక్కడ చూశాను. ఇంట్లో, ఆఫీసులో ఎలా ఉంటాడో గానీ అక్కడ వాడు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. కళ్ళద్దాల జడ్జి ఒక్కో పానా తీస్తుంటే వాడు పెదాలు కదిపి లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన సంచి చుట్టి పెట్టెలో పెట్టి మూత వేస్తే టక్కున పడింది. అప్పుడు మా అన్నయ్య నవ్వాడు. వాడు అలా పళ్ళు కనబడేలా నవ్వడం నేను మరెక్కడా చూడలేదు. ఇప్పుడు ఆ మూత పడదు. ఆయన ఒకసారి నొక్కుతాడు, రెండోసారి నొక్కుతాడు, చుట్టూ జనం చూస్తుంటారు. ఇది అసలు సంచి కాదండీ అంటాడు. వాడు నోరున్నవాడా, ఎదురు చెప్పడానికి? తల వంచుకుని నిలబడతాడు. ఆ తల వంచడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఛీ," అనుకుని బ్లేడు తీసుకున్నాను. కుట్టు విప్పడం కుట్టడం కన్నా కష్టం. పాత గుడ్డ, లాగితే చిరుగుతుంది. ఒక్కో పోగూ తెంపి తీశాను. తరవాత బీరువా తెరిచి నాన్న ఇచ్చిన సంచి తెచ్చి పక్కన పరుచుకుని, దాన్ని చూసి కొలతలు దింపాను. తన గొయ్యి తానే తవ్వుకున్నవాళ్ళను చూశాం గానీ, గజం బద్ద పెట్టి కొలిచి మరీ తవ్వుకున్నదాన్ని నేనే అయ్యుంటాను. కుడుతున్నంతసేపూ ఏడుపు వస్తూనే ఉంది. మిషను మీద ఏడవకూడదు, గుడ్డ మీద మరకలు పడతాయి. అందుకని మధ్యమధ్య లేచి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

వ్యాపారి వచ్చి చూసుకున్నాడు. "ఇదేమిటి, ఈ అర తలకిందులుగా ఉందే?"

"అది అలాగే ఉంటుంది."

"మీకెలా తెలుసు?"

"కుట్టేదాన్ని, నాకు తెలియదా?" అని కసిరాను. ఆయన డబ్బులిచ్చి సంచి పట్టుకుపోయాడు.

ఆ తరవాత రోజులు మామూలుగానే గడిచాయని చెప్పను. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. నేనే చేసి అడిగి ఉండవచ్చు. కిట్ కొన్నావటగా, నాకు మాట మాత్రం చెప్పలేదేం అని. అడగలేదు. వాడే చెప్పాలి, నేనెందుకు అడగాలి అనుకున్నాను. అమ్మ ఉన్నప్పుడు నా గురించి అనేది, దీనికి ఆకలేసినా ఎదుటివాళ్ళే కనిపెట్టి వడ్డించాలి అని.

ప్రదర్శనకు ముందురోజు పొద్దున్నే లేచి ఇల్లు తుడిచాను. రాడని తెలుసు. తెలిసినా కుర్చీ మీది మూటలు దింపాను. ఏమో, పాత అలవాటు కొద్దీ ఈ దారిన వస్తే? వచ్చి, కొత్తది కొన్నానే, ఇక రానక్కర్లేదు అని చెప్పడానికైనా రావచ్చు కదా. స్కూటరు సీటు కోసం ఒకతను వచ్చాడు. ఆటో సీటు చిరిగిందని ఇంకొకతను వచ్చాడు. ప్రతిసారీ గుమ్మం మీద నీడ పడగానే తలెత్తాను. ఇద్దరికి సరిపడా వండాను. మధ్యాహ్నం దాటాక ఒక్కదాన్నీ కూర్చుని తిన్నాను. మిగిలింది సాయంత్రం తిన్నాను, వండినది పారేసే అలవాటు నాకు లేదు.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది.

"ఏమే, బాగున్నావా?" అన్నయ్య గొంతు. వెనక జనం గోల, మైకులో ఎవరో పేర్లు చదువుతున్నారు.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. చెప్పు."

"ముసలమ్మకు ఫస్టొచ్చింది."

"అబ్బో."

"కళ్ళద్దాలాయన ఈసారి వంక పెట్టలేకపోయాడు. మూత కూడా వేసి చూశాడు. చక్కగా పడింది. సంచి బాగా కుట్టావే."

"నేను కుట్టానని నీకెవరు చెప్పారు?"

"చెప్పడమేంటి, ఆయన్ని నీ దగ్గరికి పంపిందే నేను. ఆవిడ చేతే కుట్టించండి, నా పేరు మాత్రం ఎత్తకండి అన్నాను. నా పేరు చెబితే నువ్వు డబ్బులు పుచ్చుకోవు కదా."

"సామాను కొంటున్నట్టు నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఎందుకీ దండగ అని తిడతావు. అయినా నీకోసమేనే కొన్నది. ఏటా వచ్చి నీ పని పాడుచేస్తున్నాను. పోయినసారి కూడా అన్నావు, ఈ తద్దినం ఇంకెన్నాళ్ళు అని. నిజమే కదా అనిపించింది. ఒక్కదానివి, చేసుకుంటే గానీ గడవదు. అప్పట్నుంచీ ఆయనతో వెతికిస్తే ఇప్పటికి దొరికింది. ఇంక నీకు నా బాధ లేదు."

అలా అన్నానా? అనే ఉంటాను. అలాంటివి రోజుకు వంద అంటాను. వంద మందిలో ఒక్కడు, నా మాట మనసులో పెట్టుకునేవాడు, దాన్ని నిజమని నమ్మి ఊళ్ళన్నీ వెతికించి నాకు విశ్రాంతి కొనిచ్చాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామంటే కూడా ఏమీ మిగల్చలేదు.

"మరి నాన్న ఇచ్చిన కిట్?" అన్నాను.

"అది నీదే కదే. నీ దగ్గరే ఉంటుంది."

ఫోను పెట్టేస్తాడేమోనని భయమేసింది. "అన్నయ్యా."

"ఊఁ."

"రేపు ఒకసారి రా."

"రేపా? ఎందుకు, ఏమైనా పనుందా?"

అబద్ధాలు బోలెడు తోచాయి. మిషను బెల్టు తెగింది, బీరువా తలుపు పడట్లేదు, ఏదైనా చెప్పవచ్చు. చెబితే తప్పకుండా వస్తాడు. వచ్చి అది బాగుచేసి వెళ్ళిపోతాడు, నాకు ఇంకో అబద్ధం కావలసి వస్తుంది.

"పనేం లేదు. ఊరికే రా."

"ఊరికేనా?" అన్నాడు, సరిగా వినబడలేదేమో అన్నట్టు.

"ఊరికే. నాకు ఒక్కదానికీ తోచట్లేదు అన్నయ్యా. నువ్వొచ్చే రోజు కోసం ఏడాదంతా చూస్తుంటాను. నిన్న కూడా చూశాను."

ఈ మాట పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ అనలేదు. అనేశాక చెవులు వేడెక్కిపోయాయి. వదిన ఫోటోకు రమ్మని పిలవడం వినబడింది.

"నేనొస్తే నీకు చిరాకు కదే?"

"చిరాకే. అయినా రా."

వదిన మళ్ళీ పిలిచింది. "సరేలే, చూద్దాం," అన్నాడు అన్నయ్య మెల్లగా. ఫోను పెట్టేశాడు.

మా ఇంట్లో మగవాళ్ళు కాదు అనరు, అబద్ధమూ చెప్పరు. చూద్దాం అంటారు. చిన్నప్పుడు నన్ను రైలెక్కించమంటే నాన్న అదే అనేవాడు. అమ్మ గాజులడిగినా అదే, నా సంబంధాల వాళ్ళు వచ్చి అడిగినా అదే. చూద్దాం అన్న తరవాత మా ఇంట్లో జరిగింది ఒక్కటీ నాకు గుర్తు లేదు.